ఓర్పు సంఖ్య

వేడిని కొలిచే తాపకాయను రేకు కింద ఉన్న ఇనప కొక్కేనికి తగిలించి, దాని తీగను ముక్కాలిపీట మీది పెట్టెకు గుచ్చి, కోటేశ్వరి గదిని చల్లబరిచే చలవపలకను ఆపేసింది. గోడకున్న పలక చిన్నగా మూలిగి ఊరుకుంది. బయట ఎండ యాభై ఒక్క డిగ్రీలు. గదిలో ముప్పై రెండు. పెట్టె తెర మీద గీత మొదలైంది. ఇక చేయాల్సిందల్లా కూర్చుని, ఆ గీత ఎంత తొందరగా పైకి పోతుందో చూడటమే.

మూడు రోజుల కిందట ఇదే గదిలో, కరెంటు విరామంలో ఈ పలక ఆగి ఉండగా, ఏలియా అనే ముసలాయన చనిపోయాడు. విరామంలో ఎవరైనా పోతే స్థిరాంక పరీక్షకులు వచ్చి కొలవాలని చట్టం. మనిషి ఎలా పోయాడని అడగరు. ఇంటిని కొలుస్తారు. వచ్చిన అంకె పాత అంకెతో కలిస్తే 'సరి' అని వేలిముద్ర వేసి వెళ్ళిపోవాలి. అప్పుడు ఆ చావుకు వయసో గుండెజబ్బో కారణమవుతుంది కానీ, కరెంటు ఎప్పటికీ కాదు.

నాగులేరు నగరానికి వేసవిలో చాలినంత కరెంటు లేదు. ఉన్నదాన్ని పంచే యంత్రం పేరు సమవర్తి. ఆ పేరు పెట్టిన పెద్దమనిషికి అది యముడి పేరని తెలియదో, తెలిసే పెట్టాడో చెప్పలేం. సమవర్తికి కలిగినవాళ్ళూ లేనివాళ్ళూ అనే తేడా తెలియదు. దానికి తెలిసింది కాలస్థిరాంకం ఒక్కటే. విద్యుత్ వ్యవస్థలో ప్రతి వస్తువుకూ దాని కాలం దానికుంటుంది. తీగ నిమిషాల్లో కాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె కాగడానికి ఒక పూట పడుతుంది. ఇల్లూ అంతే. చలవ ఆగగానే లోపలి వేడి బయటి వేడిని అందుకోవాలని బయల్దేరుతుంది. మొదట పరుగెత్తుతుంది, దగ్గరపడేకొద్దీ నడుస్తుంది. ఆ దూరంలో నూటికి అరవై మూడు పాళ్ళు దాటడానికి పట్టే సమయమే ఆ ఇంటి కాలస్థిరాంకం. మందపాటి గోడలకు అది గంటల్లో ఉంటుంది, పలచటి గోడలకు నిమిషాల్లో. కాలం ఎక్కువున్న ఇంటికి చలవ ముందుగా ఆపాలి, ఎక్కువసేపు ఆపాలి. కాలం తక్కువున్న ఇంటి జోలికి పోకూడదు. చదివితే న్యాయంగానే ఉంటుంది. జనానికి నోరు తిరగదని ప్రకటనల్లో కాలస్థిరాంకాన్ని ఓర్పు సంఖ్య అన్నారు, కరెంటు కోతను విరామం అన్నారు. పేర్లు పెట్టే విషయంలో మాత్రం శాఖలో ఏనాడూ కొరత రాలేదు.

రేకులపేట ఓర్పు సంఖ్య నాలుగు గంటలు. కోటేశ్వరికి ఈ సర్కిల్ కొత్త, బదిలీ మీద వచ్చి వారమైంది. ఈ అంకె మొదటిసారి చూసినప్పుడు పక్క వరస చదివానేమో అనుకుంది. గోడలూ రేకులే, కప్పూ రేకులే, నాలుగు గంటలేమిటి? పక్కనున్న డాబాల పేటకే రెండున్నర. కానీ ఇప్పుడు తెర మీద గీత ఆ నాలుగు గంటలనే సమర్థిస్తూ, కొండెక్కలేని ఎద్దులాగా నింపాదిగా పాకుతోంది.

"కాస్త మజ్జిగ తాగమ్మా," అంటూ దీవెనమ్మ గ్లాసు అందించింది. ఏలియా భార్య. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నా, వచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వడం మాత్రం మానలేదు. గది మూలన నులకమంచం మీద కోడలు సలోమి పదిరోజుల పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పిల్ల మెడ మీద, చంకల్లో ఎర్రటి పొక్కులున్నాయి.

"ఇయ్యాల గూడా ఒంటిగంటకే కరెంటు తీస్తారా మేడం?" అని సలోమి అడిగింది. "మావయ్య పోయిన రోజు ఇది పాలు గూడా పట్టలా. ఏడుపు గూడా ఆపేసింది. ఏడిస్తే బాగుండనిపించింది."

తీస్తారు. ఒంటిగంట నుంచి అయిదింటి దాకా. కోటేశ్వరి ఆ మాట పైకి అనలేక తెర వైపు తిరిగింది.

"ఆ గీత ఏందమ్మా?" అంది దీవెనమ్మ.

"ఇల్లు ఎంత తొందరగా కాగుద్దో చెప్పేది పెద్దమ్మా. సత్తుగిన్నె పొయ్యి మీద పెడితే ఇట్టే కాగుద్ది, మట్టికుండ నిదానంగా కాగుద్ది గదా. మీ ఇల్లు కుండ అంటోంది."

"మా ఇల్లు కుండా?" దీవెనమ్మకు అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. "గిన్నె గూడా కాదమ్మా. పెనం."

"మరి ఇప్పుడు కాగడం లేదేంటి?"

"ఇప్పుడంటే నువ్వొచ్చావు గదా."

కోటేశ్వరి గ్లాసు కింద పెట్టి బయటికొచ్చి పైకి చూసింది. రేకు కనపడకుండా కప్పంతా గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. తడిసి నల్లగా ఉన్నాయి. అంచుల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. వీధిలో ఆడవాళ్ళు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని, చేసిన మంచి పనికి మెచ్చుకుంటారేమోనన్నట్టు ఆమె వైపు చూస్తున్నారు.

"ఎవరు చెప్పారు మీకు ఇట్టా చెయ్యమని?"

"ఒకరు చెప్పాలా?" అంది వెనకే వచ్చిన దీవెనమ్మ. "ఆపీసరు వొచ్చి ఇంట్లో కూసుంటే ఉడికిపోరా? ప్రతేడూ సర్వేకి వొచ్చినప్పుడూ ఇంతే. ఈదంతా తలా బిందెడు పోగేసి, కొలిచే ఇళ్ళ మీద పోస్తాం. పోయినేడు వొచ్చిన సారు, మీ పేట ఊటీ లాగుందన్నాడు."

"ఇవి తాగే నీళ్ళా?"

"ఇంకేం నీళ్ళుంటయ్యమ్మా మాకు?"

"మరి పెద్దాయన పోయిన రోజు తడపలేదా?"

దీవెనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ రోజు టాంకరు రాలా. ఉన్నది బిందెడు. నెత్తిన పోస్తానంటే ఆయనే ఒద్దన్నాడు. పసిదానికి ఉంచమన్నాడు."

కోటేశ్వరికి కోపం వచ్చింది. మొదట ఈ ఆడవాళ్ళ మీదే వచ్చింది. తాగడానికి లేని నీళ్ళు ఎవరో ఉద్యోగి చెమట పట్టకుండా కూర్చోవడం కోసం పారబోస్తారా అని అరవాలనిపించింది. అరవలేకపోయింది. వీళ్ళు మర్యాద చేశారు, అంతే. ఆ మర్యాదను ఒక పెట్టె కొలిచింది. కొలిచి, వీళ్ళు నాలుగు గంటలు ఓర్చుకోగలరని రాసుకుంది. రాసుకున్న పాపానికి వేసవి పొడుగునా రోజూ నాలుగు గంటలు వీళ్ళను మాడ్చింది. కొరడాతో కొట్టేవాడికైనా చెయ్యి నొప్పి పుడుతుంది. దీనికి అదీ లేదు.

"తీసెయ్యండి," అంది. "గోనెలన్నీ లాగెయ్యండి. రేకులు ఆరాక మళ్ళీ కొలుస్తాను."

ఎవరూ కదలలేదు. "అవి తీస్తే లోపల నువ్వు కూసోలేవమ్మా," అంది దీవెనమ్మ. ఆమె గొంతులో కాస్త చిన్నబుచ్చుకున్న ధోరణి కూడా ఉంది, పెట్టిన విస్తరిని చుట్టం తోసేసినట్టు.

"నేను కూర్చోడానికి రాలేదు పెద్దమ్మా. పిల్లను తీసుకుని సలోమిని చర్చి వరండాలోకి పొమ్మను. నువ్వూ పో."

గోనెలు తానే లాగింది. రేకులు ఆరడానికి ఎంతోసేపు పట్టలేదు. చలవపలక వేసి గదిని మళ్ళీ ముప్పై రెండుకు తెచ్చి, ఆపి, తలుపు మూసుకుని లోపల ఒక్కతే కూర్చుంది. ఈసారి గీత పాకలేదు, లేచింది. కాసేపటికి రేకుల నుంచి వచ్చే సెగ నడినెత్తిన తగలసాగింది. గాలి పీలిస్తే ముక్కు లోపల కాలింది. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు, రోగాలేమీ లేవు, కావాలంటే తలుపు తీసుకుని పోవచ్చు. అయినా లేచి పారిపోదామనిపించింది. ఏలియాకు డెబ్భై దాటాయి. ఆయన నాలుగు గంటలూ ఇక్కడే ఉన్నాడు.

పెట్టె ఈల వేసింది. రేకులపేట అసలు కాలస్థిరాంకం పద్దెనిమిది నిమిషాలు.

వేలిముద్ర వేసి అంకె పంపింది. సమవర్తి ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. 'పేట సగటుకు దూరం. స్వీకరించబడలేదు. వార్షిక సర్వే అంకె కొనసాగును. నేటి విరామం ఒంటిగంటకు.'

చర్చి వరండాలో నిలబడి కోటేశ్వరి ఫణిభూషణరావుకు ఫోన్ చేసింది. ఆయన పంపిణీ విభాగానికి పెద్ద. పక్కన సలోమి పిల్లకు తడిగుడ్డ అద్దుతోంది. వరండాలోనూ వడగాలి కొడుతూనే ఉంది, ఇంట్లో కంటే నయమంతే.

"సార్, రేకులపేట అంకె తప్పు. నాలుగు గంటలు కాదు, పద్దెనిమిది నిమిషాలు."

"తడిపారా?" అన్నాడాయన. గొంతులో ఆశ్చర్యం లేదు.

"మీకు తెలుసా?"

"తెలియకేం? ఇక్కడ పనిచేసిన ప్రతివాళ్ళకీ తెలుసు. పాపం, మర్యాదస్తులు. అయినా తడిపితే చల్లబడుతోంది కదా. అంటే తట్టుకునే ఉపాయం వాళ్ళ దగ్గర ఉన్నట్టే. సమవర్తి కొలిచేదీ అదే."

"అవి తాగే నీళ్ళు సార్."

"అది నీళ్ళ శాఖ సంగతి."

"ఇక్కడ పదిరోజుల పిల్ల ఉంది. ఒంటిగంట విరామం ఆపండి సార్. ఈ ఒక్కరోజుకైనా ఆపండి."

"ఆపి ఎవరికి వెయ్యమంటావు? లోటు లోటే కదా, ఎక్కడో ఒకచోట పడాలి. రేకులపేట తర్వాత లిస్టులో ఉన్నది ఆస్పత్రి వీధి. అక్కడ వెయ్యమంటావా? నువ్వే చెప్పు."

"మన భవనం ఉంది కదా సార్."

ఫణిభూషణరావు మనసారా నవ్వాడు. "మనది మినహా అమ్మాయ్. క్లబ్బు, బంగళాలు, మనం, అన్నీ మినహా. మినహా అంటే ఏమిటి? అంకె లేనిదని అర్థం. అంకె లేనిదాన్ని సమవర్తి చూడనే చూడదు. నువ్వు బుద్ధిగా 'సరి' కొట్టేసి వచ్చెయ్. ఎండలో తిరిగితే లేనిపోని ఆలోచనలొస్తాయి."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట ఆమె చెవిలో తిరుగుతూనే ఉంది. అంకె లేనిది. పాత అంకె ఉంటేనే కదా సమవర్తి కొత్త అంకెను కాదనేది? అసలు అంకే లేనిచోట దేనితో పోల్చి కాదంటుంది?

"ఏమన్నారు మేడం?" అని సలోమి అడిగింది.

"ఒంటిగంట దాకా ఇంట్లోనే పడుకోబెట్టు దాన్ని. చలవ వేసుకో," అని చెప్పి, తాపకాయనూ పెట్టెనూ సంచిలో వేసుకుని బండెక్కింది. ఒంటిగంట తర్వాత సంగతి సలోమి అడగలేదు, ఆమె చెప్పలేదు.

పంపిణీ భవనానికి నాపరాతి గోడలు రెండు వరసలు, మధ్యలో మనిషి పట్టేంత సందు. పల్నాటి నాపరాయి అంతా ఇక్కడికే తోలారేమో అనిపిస్తుంది. ఆ ఒక్క భవనం తాగే చలవ రేకులపేట మొత్తానికి సరిపోగా ఇంకా మిగులుతుంది. తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టగానే కోటేశ్వరి ఒళ్ళు జలదరించింది. మే నెల నడిమధ్యాహ్నం హాల్లో గుమాస్తాలు స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు. ఒకావిడ శాలువా కప్పుకుని టీ ఊదుకుంటోంది. ఈ దృశ్యం ఆమె వారం రోజులుగా చూస్తూనే ఉంది. ఇవాళ మాత్రం ఆ శాలువాను లాగి అవతల పారేయాలన్నంత మంటగా ఉంది.

మీటల బల్ల దగ్గర షేక్ బాజీ ఉన్నాడు. హాలు చలవ, సమవర్తి ఉండే యంత్రాల గది చలవ అన్నీ ఆయన చేతి కిందే నడుస్తాయి.

"బాజీ గారూ, ఈ భవనం చలవ పది నిమిషాలు ఆపండి. పరీక్ష."

"మన భవనానికా?"

"పరీక్షకులు ఏ కప్పు కింద నిలబడితే ఆ కప్పును కొలవచ్చని చట్టం. నేను ఇప్పుడు ఈ కప్పు కింద నిలబడ్డాను."

బాజీ ఆమె చెమటకు అట్టకట్టిన చొక్కానూ, ఎర్రబడ్డ మొహాన్నీ కాసేపు చూశాడు. "ఆ చట్టం ఉన్నమాట నిజమే. ఇంతవరకూ ఒక్కళ్ళూ అడగలా మేడం," అంటూ మీట దించాడు.

తాపకాయను హాలు మధ్య దీపం కొక్కేనికి తగిలించింది. ఇంత పెద్ద కాలాన్ని కొలవాలంటే అంతసేపూ కూర్చోనక్కర్లేదు. గీత బయల్దేరిన వాలు చూస్తే చాలు, మిగిలింది లెక్క కట్టవచ్చు. పది నిమిషాలకు గీత వెంట్రుకవాసి మాత్రమే లేచింది. శాలువా ఆవిడ శాలువా తియ్యలేదు. చలవ ఆగిన సంగతే హాల్లో ఎవరికీ తెలియలేదు. రేకులపేటలో ఒక ప్రాణం పోయేంత వేడి ఎక్కే సమయంలో, ఇక్కడ టీ కూడా పూర్తిగా చల్లారలేదు.

పెట్టె అంకె చూపింది. పదకొండు గంటలు.

కోటేశ్వరి వేలు పెట్టెకు ఆనించేముందు ఒక్కసారి ఆగింది. ఇది చేస్తే ఉద్యోగం ఉండదు. ఉన్నా ఏ అడవిలోని సబ్‌స్టేషన్‌కో పంపుతారు. తెలుసు. భయం కూడా వేసింది. కానీ గోనెలు లాగేటప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు, భయం దాని కింద పడి నలిగిపోయింది. వేలు నొక్కింది.

'పంపిణీ భవనం. పాత అంకె లేదు. ఓర్పు సంఖ్య పదకొండు గంటలు. స్వీకరించబడింది.'

గోడ మీది పెద్ద తెరలో విరామాల జాబితా కదిలింది. ఏళ్ళ తరబడి ఒకే వరసలో ఉన్న పేటల పేర్లు ఒక్కో మెట్టు దిగాయి. అన్నిటికంటే పైన, చట్టం ప్రకారం, పంపిణీ భవనం వచ్చి కూర్చుంది. దాని ఒక్కదానితోనే మధ్యాహ్నపు లోటు తీరిపోయింది. రేకులపేట పేరు ఇవాళ్టి జాబితాలోనే లేదు. ఆస్పత్రి వీధి పేరు కూడా లేదు.

"మేడం," అన్నాడు బాజీ మెల్లగా. "సమవర్తి తన యంత్రాల గదికి గూడా విరామం రాసుకుంది."

"రాసుకోనివ్వండి. దానికీ ఉన్నాయి కదా పదకొండు గంటలు."

ఒంటిగంట కొట్టగానే భవనంలో చలవ ఆగింది. ఈసారి బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది కాబట్టి అందరికీ తెలిసింది. తెలియగానే అందరికీ ఉక్కపోసింది. ఉష్ణోగ్రత ఒక్క గీత కూడా పెరగకుండానే జనం కాగితాలతో విసురుకోవడం మొదలుపెట్టారు. ఫణిభూషణరావు గదిలోంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎవరు పెట్టారీ అంకె? బాజీ, తీసెయ్!"

"నా చేతిలో లేదు సార్. పరీక్షకుల వేలిముద్ర పడింది. తియ్యాలంటే మళ్ళీ కొలవాల, లేకపోతే సర్వే మండలి కూసోవాల. మండలి ఎల్లుండి గదా."

ఆయన కోటేశ్వరి వైపు తిరిగాడు. "నీకు మతి పోయిందా? ఇంతమంది ఇందులో నాలుగు గంటలు ఎలా ఉంటారు? లోపల ఉడికి చస్తారు!"

"చావరు సార్. అయిదింటికి ఈ హాల్లో ఎంతుంటుందో లెక్క కట్టాను. ముప్పై రెండు కూడా దాటదు. రేకులపేటలో చలవ ఆడుతున్నప్పుడు ఉండేదే ఆ ముప్పై రెండు. కావాలంటే మళ్ళీ కొలవండి, నేనే తగిలిస్తాను. ఎన్నిసార్లు కొలిచినా పదకొండే వస్తుంది. ఎందుకంటే ఈ గోడల మీద ఎవరూ నీళ్ళు పొయ్యలేదు."

"సాయంత్రానికి నీ ఉద్యోగం ఉండదు."

"సాయంత్రం సంగతి కదా. ఇప్పుడు ఒంటిగంట."

ఆమె గొంతు పెద్దదైంది. విసురుకునే చేతులు ఆగాయి. ఫణిభూషణరావు చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.

కోటేశ్వరి కిటికీ దగ్గరికి పోయి సలోమి నంబరుకు ఫోన్ చేసింది. దీవెనమ్మ ఎత్తింది. చుట్టుపక్కల ఎవరైనా వింటారేమోనన్నట్టు గుసగుసలాడింది.

"పిల్లెట్టా ఉంది పెద్దమ్మా?"

"పాలు తాగి నిద్దరపోయిందమ్మా. ఒంటిగంట దాటిపోయింది, పలక ఆడతానే ఉంది. ఆపడం మరిచిపోయినట్టున్నారు. నువ్వు ఎవురికీ చెప్పమాకమ్మా. ఈ ఒక్కపూటకి పోనీ."

కోటేశ్వరి నుదుటిని చల్లటి నాపరాతికి ఆనించింది. కన్నీళ్ళు వచ్చాయి, కోపంతోనే వచ్చాయి.

"మరిచిపోలేదు పెద్దమ్మా," అంది, హాలంతా వినపడేట్టు. "ఇయ్యాల మీ వంతు కాదు. మా వంతు."